ఫ్రీ గేమ్ ఆడేవాళ్లకు తలకిందుల సలహాలు

రోజూ లాగిన్ అయి గిఫ్టులన్నీ తీసుకో. పెద్ద ప్యాక్ కొంటే డైమండ్ చవగ్గా పడుతుంది. ఆఫర్ వచ్చేదాకా ఆగు. అకౌంట్‌లో మిగిలినవి వృథా చేయకు. పాస్ కొన్నావంటే చివరి లెవెల్ దాకా ఆడి పెట్టిన డబ్బు రాబట్టుకో. గేమ్స్ ఆడే కుర్రాళ్ల మధ్య తిరిగే చిట్కాలు ఇవి. వింటే తెలివైన మాటల్లాగే ఉంటాయి. కానీ నేను చూసినంతలో, నెలాఖరుకి ఎక్కువ డబ్బు పోగొట్టుకునేదీ, కంపెనీని ఎక్కువ తిట్టేదీ వీటిని తూచా తప్పకుండా పాటించేవాళ్లే.

అందుకే వీటికి సరిగ్గా ఎదురు చెబుతున్నాను. నా మాట విన్నారంటే స్క్వాడ్‌లో వాళ్లు "పిచ్చా నీకు?" అంటారు. అననివ్వండి. ఆ షాపు స్క్రీన్‌ను తయారు చేసినవాళ్లు మీ తెలివిని ముందే లెక్కలో వేసుకున్నారు. పొదుపు చేసే ఆటగాడు ఎక్కడ నొక్కుతాడో వాళ్లకు తెలుసు. పొదుపు చేయనివాడి దగ్గరే ఆ లెక్క తప్పుతుంది.

ఊరికే ఇచ్చింది తీసుకోకండి

ఇది వినగానే చాలామందికి కోపం వస్తుంది. డబ్బులు అడగట్లేదుగా, తీసుకుంటే పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. లాగిన్ గిఫ్టు ఎలా పేర్చి ఉంటుందో ఒకసారి చూడండి. మొదటి రోజు కాసిన్ని నాణేలు, రెండో రోజు ఒక టోకెన్, మూడో రోజు ఇంకేదో చిన్నది, ఏడో రోజు మాత్రం మెరిసే డ్రెస్సో గన్ స్కిన్నో. మధ్యలో ఒక్క రోజు మానేస్తే మళ్లీ మొదటికి. ఆరో రోజు మీరు గేమ్ తెరిచేది ఆడాలనిపించి కాదు, ఐదు రోజుల హాజరు పోతుందేమోనని. గేమ్ తెరవగానే ముందు వచ్చేది ఆట కాదు. ఒకదాని వెనక ఒకటి ఆఫర్ బొమ్మలు వస్తాయి. వాటి మూల ఎక్కడో ఉన్న చిన్న ఇంటూ గుర్తు వెతికి నొక్కితే గానీ లాబీలోకి వెళ్లరు. ఊరికే వచ్చిన టోకెన్‌కు మీరు కట్టిన వెల అదే. రోజుకోసారి షాపు ముందు నుంచి నడిచి వెళ్లడం.

ఇంకో సంగతి. ఊరికే ఇచ్చే మంచి స్కిన్లలో చాలావాటికి గడువు ఉంటుంది. మూడు రోజులు, ఏడు రోజులు. గడువు తీరాక తుపాకీ మళ్లీ మామూలుదైపోతుంది. వారం కిందటి దాకా మీకు ఏ లోటూ కనిపించని తుపాకీయే అది. ఇప్పుడు చేతిలో వెలితిగా అనిపిస్తుంది. ఆ వెలితిని తయారు చేయడానికే దాన్ని ఊరికే ఇచ్చారు.

కాబట్టి ఐదో రోజు కావాలనే మానేయండి. ఆరు రోజులు వరసగా వెళ్లి ఏడో రోజు మానేస్తే ఇంకా మంచిది. ఒక్కసారి ఆ వరస తెగితే ఇక తెంచడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత ఆడాలనిపించిన రోజే ఆడతారు.

చవకైనది కొనకండి

గేమ్స్‌లో ధరల మీద గొడవ ఎప్పుడు రేగినా పెద్ద అంకె దగ్గరే రేగుతుంది. 2024లో రయట్ గేమ్స్ లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో కొరియా ఆటగాడు ఫేకర్ గౌరవార్థం ఆరి అనే పాత్రకు స్కిన్లు తెచ్చింది. అన్నిటికంటే పెద్ద కట్ట ధర సుమారు 500 డాలర్లు. ఆటగాళ్లు భగ్గుమన్నారు. మ్యాచుల్లో ఆరి పాత్రనే బ్యాన్ చేస్తూ నిరసన తెలిపారు. అంతకుముందు 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ల స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్‌గా ఆడాలంటే 60,000 క్రెడిట్లు కావాలన్నారు. ఆడి సంపాదించాలంటే సుమారు 40 గంటలని ఆటగాళ్లు లెక్క తేల్చారు. అది ఊరికే వచ్చే గేమ్ కూడా కాదు, పూర్తి ధర పెట్టి కొన్నది. తిట్లు ఎంత గట్టిగా పడ్డాయంటే, విడుదలకు కొద్ది గంటల ముందు కంపెనీ డబ్బుతో కొనే ఏర్పాటునే తాత్కాలికంగా తీసేసింది. 2024 జులైలో ఎపెక్స్ లెజెండ్స్ బ్యాటిల్ పాస్‌ను రెండు ముక్కలు చేసి, గేమ్‌లో కూడబెట్టిన నాణేలు చెల్లవు, డబ్బే కట్టాలన్నప్పుడూ అదే జరిగింది. ఆ నెల దాటకుండానే ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

అంటే పెద్ద ధర మీద కోపం పనిచేస్తుంది. నా బాధ చిన్న ధర మీద కోపం రాకపోవడం గురించి. 2006లో బెథెస్డా కంపెనీ ఆబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రానికి కవచం అమ్మింది. ధర రెండున్నర డాలర్లు. జనం ఎగతాళి చేశారు, కొందరు కొన్నారు కూడా. ఆ తర్వాత వచ్చినదంతా ఆ రెండున్నర డాలర్లు తెరిచిన దారిలోనే వచ్చింది.

"మొదటి టాప్-అప్‌కు డబుల్ డైమండ్లు" అని ముప్ఫై రూపాయలకో ఎనభై రూపాయలకో ఒక ఆఫర్ కనిపిస్తుంది. అందులో కంపెనీకి కావలసింది మీ ముప్ఫై రూపాయలు కాదు. అప్పటిదాకా మీరు ఆ గేమ్‌లో ఎన్నడూ డబ్బు కట్టనివాళ్లు. ఆ ఒక్కసారితో మీ యూపీఐ ఆ ఫోన్‌లో జతపడింది, పిన్ నొక్కే అలవాటు పడింది, "నేనేం కొననులే" అనే మాట చెల్లకుండా పోయింది. రెండోసారి మీకు ఎనభై పెద్ద అంకెగా కనిపించదు. క్యాండీ క్రష్ ఆడే ఇంట్లో పెద్దవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఐదు ప్రాణాలు అయిపోయాయి, ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది, లెవెల్ గెలవడానికి రెండు ఎత్తులే తక్కువయ్యాయి. ఆ క్షణాన అడిగే కొద్ది రూపాయలు ఎవరికీ డబ్బులా అనిపించవు.

కొని తీరాలనుకుంటే షాపులో అన్నిటికంటే ఖరీదైన వస్తువు ఏదో చూడండి. దాని ధర రూపాయల్లోకి మార్చి కాగితం మీద రాసుకోండి. అది కొంటారా? కొనేదైతే ఏడాదికి అదొక్కటే కొనండి. కొనలేకపోతే చిన్నదీ వద్దు. ఐదు వేల వస్తువు దగ్గర మనిషి ఆగి ఆలోచిస్తాడు, ఇంట్లో అడుగుతాడు, రెండు రోజులు వాయిదా వేస్తాడు. యాభై రూపాయల దగ్గర ఇవేవీ జరగవు. యాభైలు వంద చేరాక ఐదు వేలు పోయిందని తెలిసేది బ్యాంకు స్టేట్‌మెంట్ చూసినప్పుడే.

మిగిలినవి వృథా చేయండి

వాలరంట్ అనే గేమ్‌లో మంచి స్కిన్ ఒకటి చాలాకాలంగా 1,775 పాయింట్లు. అమెరికాలో పాయింట్లు అమ్మిన కట్టలు చూస్తే 475, 1,000, 2,050, 3,650 ఇలా ఉండేవి. 1,775 కట్ట లేదు. 2,050 కొని స్కిన్ తీసుకుంటే 275 మిగులుతాయి. వాటికి ఏ మంచి స్కిన్నూ రాదు. ఆర్టీసీ కండక్టర్ టికెట్ వెనక రాసిచ్చే చిల్లరలాంటిదే ఇది, కాకపోతే బస్సు దిగేటప్పుడు కండక్టర్‌ను అడిగి ఆ చిల్లర తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఆ 275ను ఎవరూ మళ్లీ రూపాయలుగా మార్చరు. వాటిని వాడాలంటే ఇంకో కట్ట కొనాలి. అది కొన్నాక మళ్లీ ఏవో మిగులుతాయి.

"ఎలాగూ 275 ఉన్నాయి కదా" అనే మాటే రెండో కట్టను కొనిపిస్తుంది. అందుకని నా సలహా: వాటిని వదిలేయండి. పనికిరాని చిన్న వస్తువు ఏదైనా ఉంటే దానికి తగలేసి సున్నా చేయండి. సున్నా చూస్తే మనసు కుదుటపడుతుంది. 275 చూస్తే పడదు.

ఈ మాట నేనొక్కణ్నే అనట్లేదు. 2025 మార్చిలో యూరప్ వినియోగదారుల రక్షణ సంస్థలు కలిసి కొన్ని సూత్రాలు ప్రకటించాయి. గేమ్‌లో వస్తువు ధర నిజమైన డబ్బులో కూడా స్పష్టంగా చూపాలి, అక్కర్లేని కట్టలు బలవంతంగా కొనిపించకూడదు అన్నవి వాటిలో ఉన్నాయి. మన దగ్గర డైమండ్లు, యూసీలు అనే గేమ్ నాణేల లెక్కే నడుస్తోంది. డీజే అలోక్ పాత్ర 599 డైమండ్లు అని ఫ్రీ ఫైర్ ఆడిన ప్రతి పిల్లాడూ చెప్పేవాడు. ఎన్ని రూపాయలని అడిగితే ఆగి ఆలోచించేవాడు.

పది స్పిన్లు ప్రయత్నించకండి

చక్రం తిప్పే స్క్రీన్‌ను కొంచెం దగ్గర నుంచి చూద్దాం. ఎనిమిదో పదో గళ్లు. ఒక దాంట్లో మీకు కావలసిన బండిల్, చుట్టూ బంగారు కాంతి. మిగతావాటిలో పెట్టెలు, టోకెన్లు, గడువున్న స్కిన్లు. మొదటి స్పిన్ చాలా చవక. ప్రతి స్పిన్‌కూ ధర పెరుగుతుంది. వచ్చిన గడి తీసేస్తారు, కాబట్టి బండిల్ దగ్గరపడుతున్నట్టే ఉంటుంది. చివరి రెండు గళ్లు మిగిలేసరికి స్పిన్ ధర మొదటిదానికి ఎన్నో రెట్లు. అప్పుడు ఆపడం ఎవరివల్లా కాదు. అంతదాకా పెట్టింది పోతుందనిపిస్తుంది. చక్రం నెమ్మదిస్తూ బండిల్ పక్క గడిలో ఆగడం చూసి కొద్దిలో తప్పిందనుకుంటారు. కొద్దిలో తప్పలేదు. చక్రం తిరగడం వట్టి బొమ్మ. మీరు బటన్ నొక్కినప్పుడే ఫలితం సర్వర్‌లో తేలిపోయింది.

ఒక శాతం అవకాశం ఉన్న వస్తువుకు వంద సార్లు తిప్పితే తప్పకుండా వస్తుందని చాలామంది నమ్మకం. లెక్క వేరు. వంద సార్లు తిప్పినా రానివాళ్లు నూటికి 37 మంది దాకా ఉంటారు.

గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్ 2020 సెప్టెంబరులో వచ్చింది. అక్కడ ఒక్కో స్పిన్‌ను విష్ అంటారు. అందులో ఐదు నక్షత్రాల పాత్ర ఒక్క విష్‌కు వచ్చే అవకాశం 0.6 శాతం. 90వ విష్‌కు ఐదు నక్షత్రాల పాత్ర తప్పకుండా ఇస్తారు. అయితే అది మీరు కోరుకున్నదే కావాలని లేదు. కాకపోతే మళ్లీ 90. అంటే గ్యారంటీ కావాలంటే 180 విష్‌లు, ఒక్కోదానికి ఆ గేమ్ నాణేలైన ప్రైమోజెమ్‌లు 160. మొత్తం 28,800. నా దృష్టిలో ఆ పాత్ర ధర అదే. 160 కాదు, 1,600 కాదు. ముప్ఫై విష్‌లకే వచ్చిన మీ స్నేహితుడి మాట వినకండి, వాడు అబద్ధం చెప్పకపోయినా సరే. చేతిలో 28,800 లేనప్పుడు ఒక్క విష్ కూడా వేయకండి. "పది వేసి చూద్దాం" అనేదే ఈ ఆటల్లో అన్నిటికంటే ఖరీదైన మాట.

శాతాలు ప్రకటించారు కదా, నమ్మొచ్చు కదా అనేవాళ్లకు కొరియా సంగతి చెప్పాలి. నెక్సాన్ కంపెనీ మేపుల్‌స్టోరీ గేమ్‌లో, ఆయుధాల గుణాలను లాటరీలా మార్చే క్యూబ్‌లు అమ్మేది. ఆటగాళ్లు ఎగబడి కోరుకునే కొన్ని గుణాల కలయికలు వచ్చే అవకాశాన్ని చెప్పకుండా తగ్గించింది. కొన్నిటిని ఏకంగా సున్నా చేసింది. రాని వస్తువు కోసం జనం ఏళ్ల తరబడి డబ్బు పోశారు. 2024 జనవరిలో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 1,160 కోట్ల వోన్ల జరిమానా వేసింది. ఆ మార్చిలోనే అవకాశాల శాతం ప్రకటించడం చట్టరీత్యా తప్పనిసరి అయింది. జపాన్ 2012లోనే, విడి ముక్కలు లాటరీలో గెలిచి పూర్తి సెట్ పోగుచేస్తే బహుమతి ఇచ్చే కంప్లీట్ గాచాను అడ్డుకుంది. బెల్జియం 2018లో లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులను జూదం కింద లెక్కగట్టింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీలో గెన్షిన్ కంపెనీ రెండు కోట్ల డాలర్లు కట్టడానికి, 16 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మబోమనడానికి ఒప్పుకుంది.

మన రెండు రాష్ట్రాలూ ఆన్‌లైన్ పేకాట మీద కఠినంగానే ఉన్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కానీ ఆ చట్టాల చూపంతా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీదే. డబ్బు పెట్టి చొక్కా గెలిచే చక్రం వాటి కిందికి రాదు. గెలిచినా డబ్బు రాని జూదం ఆడేవాడికి ఏ విధంగా మేలో నాకు బోధపడదు.

పాస్ కొంటే సగంలో మానేయండి

పాస్ కొనదలిస్తే సీజన్ చివరి వారంలో కొనండి. అప్పటికి మీరు ఎక్కిన లెవెల్స్ బహుమతులన్నీ చాలా గేమ్‌లలో ఒకేసారి వస్తాయి. ఇది అందరూ చెప్పేదే. నేను ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. ముందే కొనేశారా? విసుగు వచ్చిన రోజు ఆపేయండి, ఇంకా నలభై లెవెల్స్ మిగిలినా సరే. డబ్బు మొదటి రోజే పోయింది. ఇప్పుడు దాన్ని రాబట్టుకోవడానికని రాత్రి ఒంటిగంట దాకా ఇష్టంలేని మిషన్లు చేస్తే నిద్ర కూడా పోతుంది.

డబ్బు కట్టే దారిని పొడుగు చేయండి

ఫోన్‌లో గేమ్ షాపుకు జతచేసిన యూపీఐ, కార్డు అన్నీ తీసేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఇక కొనాలంటే రీఛార్జ్ షాపుకు నడిచి వెళ్లి, "అన్నా, వంద రూపాయల రీడీమ్ కోడ్ ఇవ్వవా" అని అడిగి, నోటు చేతికిచ్చి తెచ్చుకోండి. ఇంత కష్టం ఎందుకంటారా? కష్టం కోసమే. ఆఫర్ ఇంకా రెండు గంటలే అని గడియారం వెనక్కి నడుస్తున్నప్పుడు చెప్పులేసుకుని బజారుకు వెళ్లాలంటే చాలా ఆఫర్లు వాటంతటవే పోతాయి. ఫోర్ట్‌నైట్ కంపెనీ ఎపిక్ మీద 2022 డిసెంబరులో అమెరికాలో పడిన కేసు చూడండి. బటన్ల అమరిక వల్ల పొరపాటున ఒక్క నొక్కుకే కొనుగోళ్లు జరిగిపోయేవి, పిల్లలు పెద్దవాళ్లకు తెలియకుండానే కొనేసేవాళ్లు. 24.5 కోట్ల డాలర్లు ఆటగాళ్లకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. కొనడం ఎంత తేలికైతే వాళ్లకు అంత లాభం. పొరపాటున కొనేస్తే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రిఫండ్ అడగండి, అది మాత్రం ఆలస్యం చేయొద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. "గేమ్ డిలీట్ చెయ్, ఫోన్ ఇటివ్వు" అనకండి. డిలీట్ చేసిన గేమ్ పక్కింటి ఫోన్‌లో ఉంటుంది. పిల్లాడి పక్కన కూర్చుని షాపు స్క్రీన్ తెరిపించి, ఒక్కో వస్తువు రూపాయల్లో ఎంతో వాడి చేతే చెప్పించండి. నెలకు ఇంతని నోటు చేతికివ్వండి, దేనికి పెట్టుకుంటాడో వాడిష్టం. కంపెనీ పెట్టే హద్దుల మీద ఆధారపడకండి. 2021 జులైలో పబ్‌జీ మొబైల్ స్థానంలో బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు ఖర్చు హద్దు పెట్టారు. రోజుకు 7,000 రూపాయలు. నెలకు లెక్కేస్తే రెండు లక్షలు దాటుతుంది. చాలా ఇళ్లలో అంత జీతం లేదు.

ఓడిపోండి

స్కిన్ వల్ల ఆటలో బలం రాని గేమ్‌లు ఉన్నాయి, వాలరంట్ అలాంటిదే. అక్కడ డిఫాల్ట్ తుపాకీతో ఆడటంలో నష్టం లేదు. ఫ్రీ ఫైర్‌లో అలా కాదు. గన్ స్కిన్‌కు డ్యామేజ్ పెరుగుతుందనో కాల్చే వేగం పెరుగుతుందనో గుర్తులే ఉంటాయి. డబ్బు పెట్టినవాడి తుపాకీ నిజంగానే మీదానికంటే మెరుగు. వాడి చేతిలో చచ్చిపోయి లాబీకి వస్తే "నూబ్" అంటారు. మీరూ కొంటే వాళ్లతో సమానమవుతారు, వచ్చే నెల ఇంకా మెరుగైన తుపాకీ వచ్చేదాకా.

కొనకండి. ఆ బట్టలతోనే, ఆ తుపాకీతోనే వెళ్లి ఓడిపోండి. ఓటమికి కారణం నైపుణ్యం లేకపోవడం కాదని తెలిసి ఓడిపోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది నచ్చకపోతే స్నేహితులంతా ఆడుతున్నా సరే ఆ గేమ్ వదిలి, ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే గేమ్ ఆడండి. 2016లో విడుదలైన స్టార్డ్యూ వ్యాలీ ఒక్క మనిషి తయారుచేసిన గేమ్. లోపల అమ్మకాలు లేవు. ఊరికే వచ్చే గేమ్‌కు కూడా సర్వర్లు, జీతాలు ఉంటాయి, వాళ్లకూ డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. అయితే ధర తలుపు దగ్గర చెప్పమనే నేను అడిగేది.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. కొన్నవేవీ మీ చేతిలో ఉండవు. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. అక్టోబరు చివర్లో మన దేశానికి సర్వర్లు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి కొన్న డ్రెస్సులు, స్కిన్లు ఏ స్థితిలో ఉన్నాయో తరువాతి ఏడాది బీజీఎంఐ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. 2022 జులైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో గానీ రాలేదు.

ఒంటరిగా తిట్టుకోకండి

నా చివరి సలహా అందరూ దండగ అనేది. ఫిర్యాదు చేయండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. 13 రకాల మోసపు పద్ధతులను అందులో పేరుపేరునా రాశారు. లేని తొందర సృష్టించడం అందులో మొదటిది. పదేపదే అడిగి విసిగించడం, అసలు ధర కొంచెం కొంచెంగా బయటపెట్టడం కూడా ఉన్నాయి. "చివరి అవకాశం" అన్న బండిల్ వచ్చే నెల మళ్లీ వచ్చిందా? రెండు స్క్రీన్‌షాట్లూ తేదీలతో దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. ఒక్కరు చేస్తే ఏమవుతుందని అడుగుతారు. డార్త్ వేడర్ గొడవలో కంపెనీ దిగివచ్చింది ఒక్కరు తిట్టినందుకు కాదు. మీ స్క్వాడ్‌లో నలుగురున్నారు కదా, నలుగురూ చేయండి.